పాత దస్తావేజులు చదువుకుందాం – 6వ పాఠం: హక్కుల పేరా

పోయిన పాఠంలో హద్దులు చదివాం. అభ్యాసంగా ఇచ్చిన ముక్కలో "ఉత్తరం: డొంక మినహా" అన్నచోట చాలామంది ఆగిపోయి ఉంటారు. డొంక మన పొలానికి హద్దే గానీ అమ్మకంలో చేరలేదు, అంతే. "తూర్పు: విక్రేత తాలూకు మిగులు భూమి" అన్నదాన్ని మాత్రం తేలిగ్గా వదలకండి. అమ్మినాయన పొలమంతా అమ్మలేదు, కొంత తనకు ఉంచుకున్నాడు. ఆ మిగులుతో ఇవాళ మళ్లీ పని పడుతుంది.

ఇవాళ్టిది హక్కుల పేరా. కాగితం చదివేవాళ్లు ఎక్కువగా దాటేసేది దీన్నే. పేర్లు చూస్తారు, సొమ్ము చూస్తారు, సర్వే నంబరు చూస్తారు. ఈ పేరా రాగానే ఏదో మంత్రంలా ఉందని కళ్లు కిందికి జారిపోతాయి. నేనూ అలాగే పైపైన చదివి ఒకసారి నవ్వులపాలయ్యాను. మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో దొరికిన కాగితంలో "నేటి దినమే కబ్జా యిచ్చినాను" అని కనిపించింది. మన పొలం ఎవరో కబ్జా చేశారని ఇంట్లో పెద్ద హడావుడి చేశాను. బాబాయి కళ్లజోడు సర్దుకుని చదివి, "ఒరేయ్, మనకే కబ్జా ఇచ్చార్రా" అన్నాడు. ఆ మాట సంగతి కాసేపట్లో చూద్దాం.

ముందు ఈ ముక్కను పైకి గట్టిగా చదవండి. ఇది ఏ ఒక్క కాగితంలోంచీ తీసింది కాదు. పాత క్రయ దస్తావేజుల్లో మళ్లీ మళ్లీ వచ్చే మాటలను ఏరి పాఠం కోసం నేనే కూర్చాను.

"…ఈ దిగువ షెడ్యూలులో ఉదహరించిన భూమిని జల తరు పాషాణ నిధి నిక్షేప ఆగామి సిద్ధ సాధ్యములనెడు అష్టభోగ స్వామ్యములతోనూ సర్వ హక్కుభుక్తములతోనూ మీకు విక్రయించి నేటి దినమే కబ్జా యిచ్చినాను గనుక మీరు మీ పుత్రపౌత్ర పారంపర్యముగా దానాధివినిమయవిక్రయములకు యోగ్యముగా ఆచంద్రార్కము సర్వ స్వతంత్రముగా అనుభవించుకొనగలవారు. యిందులో నాకు గానీ నా వారసులకు గానీ యెట్టి హక్కూ తగాదా తకరారూ లేదు."

ఊపిరి ఆడలేదు కదూ. ఇప్పుడు రెండు రంగుల పెన్సిళ్లు తీసుకోండి. జిరాక్సు మీదే గీయండి, అసలు కాగితం మీద గీయొద్దు. సంస్కృతం మాటల కింద ఎర్ర గీత, కచేరీ మాటల కింద నీలం గీత. కచేరీ మాటలంటే అరబీ, పారశీకాల నుంచి వచ్చినవి: హక్కు, కబ్జా, వారసులు, తకరారు. గీశాక చూస్తే సంగతి బయటపడుతుంది. ఒకే విషయాన్ని ఈ పేరా రెండుసార్లు చెబుతోంది, ఒకసారి రాజశాసనాల భాషలో, ఇంకోసారి నవాబుల కచేరీ భాషలో. ఎందుకంటే దస్తావేజు లేఖరి కొత్త మాట వస్తే చేర్చుకుంటాడు గానీ పాత మాట తీసేసే ధైర్యం చెయ్యడు. ఏ మాట తీస్తే ఏ హక్కు పోతుందోనని భయం. అందుకే ఈ పేరాలో ఒక్కో కాలం ఒక్కో పొరగా పేరుకుపోయింది. ఏ మాట ఏ పొరలోదో గుర్తుపట్టడమే ఇవాళ్టి పని.

నీలం గీతతో మొదలుపెడదాం

హక్కు అసలు అరబీ మాట, హక్ఖ్‌కు దగ్గరగా పలుకుతారు. నిజం, న్యాయంగా రావలసింది, చెందినది అన్నీ కలిసిన మాట అది. ఇస్లాంలో దేవుడి నామాల్లో 'అల్ హక్' ఒకటి. క్రీ.శ. 922లో బాగ్దాదులో సూఫీ మన్సూర్ అల్ హల్లాజ్‌ను చంపినప్పుడు, ఆయన "అనల్ హక్", అంటే "నేనే సత్యం" అన్నాడన్న కథ లోకమంతా పాకింది. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు స్టాంపు కాగితం మీద ఉన్న మాటకూ ఆ కేకకూ మూలం ఒక్కటే. వాస్తవం అనే అర్థంలో వాడే హకీకత్, విచారణ అనే అర్థంలో వాడే తహకీకాత్ కూడా ఆ ధాతువు పిల్లలే. నిజాం కాలపు కాగితాలు తిరగేసేవాళ్లకు ఈ రెండూ తగులుతూనే ఉంటాయి.

ఇది పారశీకం మీదుగా, దక్కనీ ఉర్దూ మీదుగా మన కచేరీల్లోకి వచ్చింది. గోల్కొండ కుతుబ్‌షాహీలు పారశీకం, తెలుగు రెండూ ఉన్న ఫర్మానాలు కూడా ఇచ్చారు. అలాంటి కాగితం రాసే కరణానికి రెండు భాషల మాటలూ పక్కపక్కనే పెట్టక తప్పదు. తర్వాత కంపెనీవాళ్లు వచ్చినా ఆ మాటలు పోలేదు. 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో జమీందారీలకు శాశ్వత శిస్తు కట్టినప్పుడు ఇచ్చిన పత్రం పేరు కూడా 'సనద్ ఇ మిల్కియత్ ఇ ఇస్తిమ్రార్'. ఇచ్చింది ఇంగ్లీషు దొర, పేరు పారశీకం, పుచ్చుకున్నది తెలుగు జమీందారు.

కచేరీ మాటను గుర్తుపట్టడానికి ఒక చిట్కా ఉంది. హక్కు, హద్దు, రద్దు, ఈ మూడూ ఒక వరసలో పెట్టి పలకండి. మూడూ అరబీవే: హక్, హద్, రద్. అరబీలోనే చివరి హల్లు జంటగా ఉంటుంది. దానికి మనం 'ఉ' తగిలించాం. నిజానికి అరబీ జంటగా ఇవ్వకపోయినా తెలుగు నోరు జంట చేసేసేదే. బస్ మనకు బస్సు అయింది, కప్ కప్పు అయింది, బిల్ బిల్లు అయింది. ముందు హ్రస్వం ఉంటే చివరి హల్లును ఒత్తి పలకడం మన అలవాటు. ముందు దీర్ఘం ఉంటే ఒత్తు అక్కర్లేదు, ఉత్త 'ఉ' చాలు: వసూలు, జవాబు, కబూలు. చివర రెండు వేరువేరు హల్లులు ఉంటే మధ్యలో ఒక అచ్చు దూర్చేస్తాం. నక్ల్ నకలు అయింది, అస్ల్ అసలు అయింది, షర్త్ షరతు అయింది. ఖర్చు, కిస్తు, జప్తు మాత్రం అచ్చు దూర్చుకోకుండానే బతికిపోయాయి. కాబట్టి ఇది చట్టమేం కాదు, మోటు కొలత. అయినా పాత కాగితంలో తెలియని మాట తగిలినప్పుడు చివరి 'ఉ' తీసేసి, ఒత్తు సడలించి ఉర్దూ వచ్చినవాళ్లను అడగండి. సగం చిక్కులు అక్కడికక్కడే విడిపోతాయి.

ఇక అతుకులు చూడండి. హక్కుకు పారశీక 'దార్' అతికితే హక్కుదారు. సంస్కృత 'భుక్తం' అతికితే హక్కుభుక్తం. భుక్తం అంటే అనుభవించినది. అంటే 'హక్కుభుక్తములతో' అన్నచోట లేఖరి రెండు వేరు సంగతులు చెబుతున్నాడు, చెందడం ఒకటి, అనుభవంలో ఉండడం ఇంకొకటి. వారసుడిలోనూ ఇలాంటి అతుకే ఉంది. 'వారిస్' అరబీ. దానికి సంస్కృత '-త్వం' తగిలించి వారసత్వం అన్నాం. మిరాసీ కూడా అదే అరబీ ధాతువు నుంచి వచ్చింది, పెద్దలనుంచి వచ్చినది అని అర్థం.

నిఘంటువులు దగ్గర పెట్టుకోదలిస్తే రెండు చాలు. 1852 నాటి బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఒకటి, 1855లో లండన్‌లో అచ్చయిన విల్సన్ రెవెన్యూ పదకోశం ఒకటి. రెండోదాన్ని అసలు వదలకండి. కోర్టుల్లో, శిస్తు కచేరీల్లో నలిగే మాటలను పలు భారతీయ భాషల నుంచి ఏరి పెట్టాడు విల్సన్.

ఇక్కడ తెలుగు పాఠకుడు తప్పకుండా పొరబడే చోటు ఒకటుంది. మనకిప్పుడు హక్కు అనగానే రాజ్యాంగం గుర్తొస్తుంది. మూడో భాగం, ప్రాథమిక హక్కులు, అందరికీ సమానం. పాత ఊరి కాగితంలో హక్కు అలా ఉండదు. దక్కనులో ఆ మాటకు గ్రామోద్యోగికి రావలసిన దస్తూరీ అనే అర్థం బాగా నడిచింది. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు కరణానికి ఇన్ని మానికలు, కుమ్మరికి ఇన్ని, చాకలికి ఇన్ని అని పక్కన పెడతారే, ఆ మేరలాంటిది. అంటే హక్కు అప్పట్లో కొందరిది, మిగతావాళ్లు ఇచ్చుకోవలసినది. రుసుము కూడా ఆ కోవదే. తెలంగాణలో శిస్తు వసూలు చూసే దేశ్‌ముఖ్‌కు శిస్తులోంచి రుసుము ముట్టేది. ఇప్పుడు దరఖాస్తు పెట్టుకునేవాడే రుసుము కట్టాలి. అప్పుడు పుచ్చుకునేది, ఇప్పుడు చెల్లించేది.

పక్క భాషలతో పోల్చి చూసినా ఈ మాట దారి తెలుస్తుంది. కన్నడిగులదీ మరాఠీలదీ మన మాటే. తమిళులు ఉరిమై అంటారు. హిందీవాళ్లు అధికార్ అంటారు. మనకేమో అధికారం అంటే పెత్తనం. సమాచార హక్కు చట్టాన్ని హిందీలో 'సూచనా కా అధికార్' అంటే, తెలుగువాడికి ఎవరికో సూచనలిచ్చే పెత్తనంలా వినిపిస్తుంది. అన్నిటికంటే తమాషా మలయాళానిది. అక్కడ హక్కును అవకాశం అంటారు, మానవ హక్కులు వాళ్లకు మనుష్యావకాశాలు.

ఇంకో లోటు కూడా చెప్పాలి. అందరికీ ఉండే హక్కుకూ, కొందరికే ఇచ్చే ప్రత్యేక సదుపాయానికీ ఇంగ్లీషులో వేరువేరు మాటలున్నాయి. మనం రెంటికీ హక్కే వాడేస్తాం. అసెంబ్లీలో సభ్యులకు ఉండే ప్రత్యేక రక్షణలను పేపర్లు సభాహక్కులు అంటాయి. రాజ్యాంగం 194వ అధికరణ వాళ్లకు ఇచ్చింది మీకూ నాకూ లేదు మరి. పాత తెలుగులో ఈ తేడా చూపించే మాటలు ఉండేవి. వాటికోసం ఎర్ర గీతలోకి వెళ్లాలి.

ఎర్ర గీత: శాసనాల పొర

శిస్తు లేకుండా ఇచ్చిన భూమిని మాన్యం అనేవారు. ఏ పన్నూ లేకపోతే సర్వమాన్యం. ఇదే తర్వాత కచేరీ భాషలో ఇనాం అయింది. ఇంకా వెనక్కి వెళితే దొరికే మాట పరిహారం. ఇప్పుడు పరిహారమంటే ప్రమాదానికో, ప్రభుత్వం తీసుకున్న భూమికో ఇచ్చే డబ్బు. పాత శాసనాల్లో పరిహారం అంటే మినహాయింపు. 'సర్వకరపరిహారం' అంటే ఏ పన్నూ లేకుండా అని. నేను మొదట్లో ఒక తామ్రశాసనం నకలు చదువుతూ ఈ మాట చూసి, ఎంత పరిహారం ఇచ్చారో అంకె ఎక్కడుందా అని ఒక పూటంతా వెతికాను.

నరసరావుపేట ప్రాంతంలోని మైదవోలులో దొరికిన పల్లవ తామ్రశాసనం ప్రాకృతంలో ఉంది. యువరాజు శివస్కందవర్మ కంచి నుంచి ధాన్యకటకంలోని అధికారికి పంపిన ఆజ్ఞ అది. నాలుగో శతాబ్దం తొలి రోజుల్లోది కావచ్చని అంచనా. విరిపర అనే ఊరు దానమిస్తూ, ఆ ఊరికి ఏ ఏ బాధలు ఉండవో వరసగా చెబుతాడు. ఉప్పు తవ్వడానికి ఎవరూ రారు. వంతులవారీగా ఎడ్లు ఇవ్వక్కర్లేదు. భటులు ఊళ్లోకి అడుగుపెట్టరు. వచ్చిన అధికారులకు అన్నం, నీళ్ల కుండ, మంచం, బస చూపించక్కర్లేదు. బళ్లారి ప్రాంతపు హిరేహడగళి శాసనంలోనైతే ఇలాంటివి 'పద్ధెనిమిది జాతుల పరిహారాలు' అని లెక్క కూడా ఉంది.

ఈ జాబితా చదివినప్పుడల్లా నాకు ఊరి చిత్రం తలకిందులుగా కనిపిస్తుంది. దానం దొరకని మిగతా ఊళ్లన్నీ ఇవన్నీ ఇచ్చుకుంటున్నాయన్నమాట, మంచాలతో సహా. హక్కు రాయాల్సినచోట 'ఇది చెయ్యం, అది అడగం' అని రాశారంటే, దొర రాకపోవడమే అప్పటికి పెద్ద వరం. రెవెన్యూ క్యాంపులకు కోళ్లు, నెయ్యి పంపిన ఊళ్ల కథలు మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. భటులు మారారు గానీ మంచం మాత్రం చాలాకాలం ఉంది.

ఇక మన పేరాలోని అష్టభోగాలు. ఇవి విజయనగర రాజుల తామ్రశాసనాల్లో శ్లోకంగా వస్తాయి:

నిధి నిక్షేప పాషాణ సిద్ధ సాధ్య జలాన్వితమ్
అక్షిణ్యాగామి సంయుక్తం గణభోజ్యం సభూరుహమ్

ఒక్కసారి బట్టీ పట్టేయండి, ఊరికే పోదు. నిధి అంటే భూమిలో దొరికే పాతర. నిక్షేపం ఎవరో దాచిపెట్టినది. పాషాణం రాళ్లు, ఖనిజాలు. జలం చెప్పక్కర్లేదు. సిద్ధం అంటే ఇప్పటికే సాగులోకి, రాబడిలోకి వచ్చినది. సాధ్యం అంటే కష్టపడితే తేగలిగినది, అంటే కొత్తగా కొట్టుకునే బంజరు. ఆగామి రాబోయే రాబడి. అక్షిణి దగ్గర కొంచెం కష్టం, ఇప్పుడు చేతిలో ఉన్న తరగని లాభం అని అర్థం చెబుతారు. భూరుహం అంటే చెట్టు, శ్లోకంలో అది ఎనిమిదికి బయట విడిగా ఉంది. మన నమూనా పేరాలో చూడండి, అక్షిణి లేదు, దాని బదులు 'తరు' చేరి లెక్క ఎనిమిదే అయింది. అర్థంకాని మాట జారిపోయి, అర్థమైన చెట్టు లోపలికొచ్చింది. మీ దగ్గరున్న కాగితంలో అష్టభోగాలు అని ఉంటే వేళ్లు ముడిచి లెక్కపెట్టండి. ఏడే వచ్చినా, తొమ్మిది వచ్చినా కంగారు పడొద్దు, నకళ్లు రాసేవాళ్ల చేతుల్లో మాటలు అలా రాలుతూ, చేరుతూ వచ్చాయి. గణభోజ్యం అంటే పలువురు కలిసి అనుభవించేది. ఒక్కడికే ఇస్తే ఏకభోగం.

శ్లోకం ఇంకా సాగుతుంది. పుత్రపౌత్రాదులు ఆచంద్రతారకం, అంటే చంద్రుడూ చుక్కలూ ఉన్నంతకాలం, అనుభవించాలి, 'దానస్య ఆధమనస్యాపి విక్రయస్యాపి చ ఉచితమ్', అంటే దానానికీ, తాకట్టుకూ, అమ్మకానికీ తగినది అని. ఇక్కడ ఆగండి. మన దస్తావేజులో 'దానాధివినిమయవిక్రయములకు' అని ఉంది. చాలామంది దీన్ని 'దానాది' అని ఒత్తు లేకుండా చదివి, 'దానం మొదలైనవి' అని అర్థం చెప్పుకుంటారు. ఒత్తు ఉంది, చూడండి. దాన, ఆధి, వినిమయ, విక్రయ, మొత్తం నాలుగు. ఆధి అంటే తాకట్టు. వినిమయం అంటే మారకం. ఒక్క ఒత్తు మింగేస్తే తనఖా పెట్టుకునే హక్కు ఎగిరిపోతుంది, కనీసం మీ చదువులో. చాలామంది లేఖర్లే 'దానాది' అని రాసేశారన్నది వేరే సంగతి. అలాంటిచోట రాసినదాన్ని రాసినట్టే నకలు చేసుకుని, పక్కన బ్రాకెట్లో మీ అనుమానం రాసుకోండి. దిద్దకండి.

'పుత్రపౌత్ర' అని ఉంది కాబట్టి ఆడపిల్లలకు రాదా అని ఒక అక్కయ్య మొదటి పాఠానికే అడిగారు. ఆ మాట పని అది కాదండీ. కొన్నవాడి తర్వాత వాళ్ల వారసులకు పోతుంది, కొన్నవాడి బతుకుతోనే ఆగదు అని చెప్పడమే దాని పని. కోర్టులు కూడా దాన్ని సంపూర్ణ హక్కు ఇచ్చినట్టు చెప్పే మాటగానే చూశాయి. ఆడవాళ్లకు రాసిచ్చిన కాగితాల్లోనూ అదే మాట రాసేవారు. కూతుళ్లకు వాటా వస్తుందా రాదా అన్నది వారసత్వ చట్టం తేలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణ, దేశమంతటికీ 2005 నాటి సవరణ అందులో ముఖ్యమైనవి.

పేరా ఎంత ఘనంగా ఉన్నా అది ఎంతవరకు చెల్లుతుందో కూడా చదవడం రావాలి. నిధి మీకు ఇచ్చానని దస్తావేజు అంటుంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలి. జలం, తరువు మీవే అంటుంది. నీరు, నేల, చెట్ల రక్షణకు 2002లో చేసిన వాల్టా చట్టం వచ్చాక బోరు వెయ్యాలన్నా చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. రాయి కొట్టాలంటే గనుల శాఖ దగ్గరికి వెళ్లాలి. ఎనిమిది భోగాల్లో చెప్పుకోదగ్గవన్నీ ఇలా తలో ఆఫీసుకూ వెళ్లిపోయాయి, మాటలు మాత్రం స్టాంపు కాగితం మీద ఉండిపోయాయి. అసలు సంగతి ఇంకొకటుంది. అమ్మేవాడికి లేనిది, ఎన్ని సంస్కృత సమాసాలు రాసినా కొన్నవాడికి రాదు. పేరా పొడుగు చూసి మోసపోయినవాళ్లు నాకు తెలుసు. ముందు పాఠాల్లో చెప్పిన లింకు దస్తావేజులు, అంటే అమ్మేవాడికి ఆ భూమి ఎలా వచ్చిందో చెప్పే పాత కాగితాలు, చూడటం అందుకే.

అర్థం తిరగబడిన మాటలు

కబ్జాకు వద్దాం. అరబీలో అది చేతిలో పట్టుకోవడం. పాత కాగితంలో కబ్జా అంటే స్వాధీనం, అందులో తప్పు లేదు, దౌర్జన్యం లేదు. ఇప్పుడు పేపర్లలో చెరువు కబ్జా, స్థలం కబ్జా అని చదివి చదివి ఆ మాటకు దొంగ వాసన అంటుకుంది. పాత కాగితంలో 'కబ్జాదారు' అని ఉంటే అతను ఆక్రమించినవాడే అని అనుకోకండి. సాగు చేసుకుంటున్నవాడు, అంతే.

హక్కు వేరు, స్వాధీనం వేరు అన్నది ఊరి భూముల సాగు లెక్కలు రాసే పహాణీలోనూ అడంగల్‌లోనూ గడులు గీసి మరీ చూపించారు. పట్టాదారు గడి ఒకటి, అనుభవదారు గడి ఒకటి. రెండు గడుల్లో ఒకే పేరుంటే హాయి. వేరు పేర్లుంటే అక్కడ ఒక కథ ఉంది, కౌలు కావచ్చు, తనఖా కావచ్చు, అన్నదమ్ముల పంపకం కావచ్చు, తగాదా కావచ్చు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ప్రైవేటు భూమిలో అసలు యజమానికి ఎదురుగా, బాహాటంగా పన్నెండేళ్లు స్వాధీనంలో ఉంటే ఆ యజమాని దావా హక్కు పోయే ప్రమాదం ఉంది. ఆ లెక్క పాఠంతో తేలేది కాదు, మీ ఇంట్లో అలాంటిది ఉంటే వకీలును కలవండి.

భోగం కూడా చూడండి. శాసనంలో అది అనుభవించే హక్కు. దాంట్లోంచి భోగ్యం వచ్చింది, బెంగళూరులోనూ పక్కనున్న రాయలసీమ పట్టణాల్లోనూ ఇల్లు భోగ్యానికి తీసుకుంటారు. ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి, అద్దె లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు ఆ మొత్తం వెనక్కి తీసుకుంటారు. ఆధి, భోగం రెండూ కలిసిన ఏర్పాటు అది.

మిరాసీ మాట వంశపారంపర్యపు కొలువులకూ వాడేవారు, కరణీకం మిరాసీ, అర్చకత్వం మిరాసీ. కరణాల పదవులు 1984లో పోయాయి. గుళ్లలో మిరాసీలను 1987 నాటి దేవాదాయ చట్టం తీసేసింది, తిరుమల అర్చకులవి కూడా అందులో ఉన్నాయి. 1996లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. కరణీకం కాగితమైతే 1984కు, గుడి కాగితమైతే 1987కు ముందుదా, తర్వాతదా అని చూసుకుంటే మిరాసీ అన్న మాట బరువు తెలుస్తుంది.

చివరిగా నాకు చాలా ఇష్టమైన మాట. కళలకు కాణాచి, కవులకు కాణాచి అని పేపర్లు రాస్తుంటాయి, సభల్లో ప్రతి ఊరూ ఏదో ఒకదానికి కాణాచే. కాణాచి అంటే తరతరాలుగా చెందిన చోటు, వంశపారంపర్యంగా వచ్చిన హక్కు. తమిళంలో దీని తోబుట్టువు కాణియాట్చి. కాణి అంటే భూమి, ఆట్చి అంటే ఏలుబడి. అరబీ మిరాసీ రాకముందు ఆ పని చేసిన దక్షిణాది మాట ఇది. కాగితాల్లోంచి మిరాసీ దాన్ని తోసేసింది. అది వెళ్లి సన్మాన సభల్లో వేదికెక్కింది.

అభ్యాసం

ఈ ముక్కను రెండు రంగుల్లో గీసి, కింది ప్రశ్నలకు జవాబు రాసుకోండి. ఇది కూడా నేను కూర్చినదే.

"…సదరు భూమిలో నాకు గల యావత్తు హక్కుభుక్తములను, మిరాసీ మినహా, మీకు దఖలు పరచి కబ్జా యిచ్చినాను. తూర్పున గల నా మిగులు భూమికి పోవుటకు మీ గట్టు వెంట బండి నడుచునంత దారి హక్కు నాకున్నూ నా వారసులకున్నూ గలదు. మీరు దానాది వినిమయ విక్రయములకు యోగ్యముగా అనుభవించుకొనగలవారు."

అమ్మినాయన ఏది ఇచ్చాడు, ఏది ఉంచుకున్నాడు? మిరాసీ మినహా అన్నాడంటే ఈయన ఏం పని చేసేవాడై ఉండొచ్చు? దారి హక్కు రాయకుండా వదిలేసి ఉంటే ఆయన మిగులు భూమి సంగతి ఏమయ్యేది? 1882 నాటి ఈజ్‌మెంటు చట్టంలో (ఈజ్‌మెంటు అంటే పక్కవాళ్ల భూమిని దారికో నీళ్లకో వాడుకునే హక్కు) ఇరవై ఏళ్ల వాడకం అన్న మాట వెతికి, దీనికి ఎలా పనికొస్తుందో చూడండి. ఈ లేఖరి ఏ ఒత్తు మింగేశాడో పట్టుకోండి, దిద్దకుండా. కాగితం మీద సంవత్సరం 'ఫసలీ 1348' అని ఉంది. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది గానీ, ఒక ఫసలీ రెండు ఇంగ్లీషు సంవత్సరాల్లోకి పాకుతుంది. అది ఏ రెండో రాయండి.

7వ పాఠం ఫసలీ, హిజ్రీ, తెలుగు సంవత్సరాల తేదీల మీదే. ఆ లెక్కతోనే మొదలుపెడతాం.